ఫ్రీబీఎస్‌డీలో ఎస్‌ఎస్‌డీ నెమ్మదించిందా? ముందు కొలవండి, తర్వాత ట్రిమ్ చూడండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే కంప్యూటర్లు తక్కువే. అయినా వాటిని చూసుకునేవారు అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే. పాత డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ (ఫ్లాష్ చిప్‌లతో చేసిన వేగమైన డిస్కు) వేశాం, కొన్ని నెలలు బాగా పరుగెత్తింది, ఇప్పుడు ఫైలు సేవ్ చేస్తే ఆగి ఆగి కదులుతోంది, ఏం చేయాలి అని. "కొత్త డిస్కేసినా మళ్లీ ఇలాగే అయిపోనాదేటి మాస్టారూ?" అని పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన అడిగిన మాటనే కాలేజీ ల్యాబులు చూసుకునేవారూ, ఇంట్లో ఫైల్ సర్వర్ పెట్టుకున్న కుర్రాళ్లూ వేరే మాటల్లో అడుగుతున్నారు.

చాలా సందర్భాల్లో డిస్కు పాడైపోయి ఉండదు. మీరు ఫైలు తొలగించినప్పుడు ఆ చోటు ఖాళీ అయిందని ఫైళ్ల లెక్క చూసే ఫైల్ సిస్టమ్‌కు తెలుస్తుంది గానీ, ఎవరూ చెప్పకపోతే ఎస్‌ఎస్‌డీకి తెలియదు. ఆ కబురు చేరవేసే ఆదేశమే ట్రిమ్. అది అందకపోతే ఎస్‌ఎస్‌డీ పనికిరాని డేటాను కూడా అపురూపంగా ఒకచోటి నుంచి మరోచోటికి మోస్తూ ఉంటుంది, కొత్తగా రాయడానికి ఖాళీ బ్లాకులు దొరక్క నెమ్మదిస్తుంది. సిద్ధాంతం ఇంత తెలిస్తే చాలు.

మన దగ్గర ఈ సమస్య ఎక్కువగా కనిపించడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం ఎందుకని షాపులో పాత హార్డ్ డిస్కును ఉన్నదున్నట్టుగా క్లోన్ చేయించి తెచ్చుకునేవారే ఎక్కువ. అలా సెక్టారు సెక్టారు కాపీ చేసినప్పుడు ఖాళీ చోటు కూడా కాపీ అవుతుంది. ఫలితంగా 240 జీబీ ఎస్‌ఎస్‌డీలో మీ ఫైళ్లు 60 జీబీయే ఉన్నా, దాదాపు డిస్కంతా నిండిపోయిందనే ఎస్‌ఎస్‌డీ అనుకుంటుంది. పైగా హార్డ్ డిస్కు కాలంలో ట్రిమ్ అక్కర్లేదని ఆపి ఉంచిన గుర్తు కూడా ఫైల్ సిస్టమ్‌తో పాటే కొత్త డిస్కులోకి వచ్చేస్తుంది.

ఒక మనవి. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగులోనే రాశాను. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టండి, పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. ప్రతి ఆదేశాన్నీ రూట్‌గానే (అన్ని అధికారాలున్న ఖాతాతో) నడపాలి. మీ డిస్కు పేరు ఏడీఏ0 అనుకుని రాస్తున్నాను. ఎన్‌వీఎంఈ (సాటా కేబుల్ లేని, ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) డిస్కయితే ఫ్రీబీఎస్‌డీ 14 నుంచి ఎన్‌డీఏ0 అనీ, అంతకు ముందు వెర్షన్లలో ఎన్‌వీడీ0 అనీ కనిపిస్తుంది.

కావలసినవి

ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్, అది కూడా మరో డిస్కులో. ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్, యంత్రం బూట్ కాకపోతే అక్కరకొస్తుంది. డిస్కు ఆరోగ్యం చూసే స్మార్ట్‌మాన్‌టూల్స్, వేగం కొలిచే ఫియో అనే రెండు ప్యాకేజీలు. పని మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్. ఫలితాలు రాసుకోవడానికి ఒక కాగితం. చివరిది అక్కర్లేదనుకుంటారు గానీ, ముందు అంకె రాసుకోనివారు తర్వాత వేగం పెరిగిందో లేదో చెప్పలేకపోతున్నారు.

1. డిస్కు ఏ దారిలో తగిలి ఉందో చూడండి

'డీఎంఈఎస్‌జీ' ఆదేశం నడిపి, వచ్చే సందేశాల్లో ఏడీఏ0 ఉన్న వరుసలు వెతకండి. అక్కడ సెకనుకు 600 ఎంబీ అని ఉంటే మీ డిస్కు సాటా 3 వేగంతో తగిలి ఉంది. 300 అంటే సాటా 2, 150 అంటే మొదటి తరం సాటా. పాత మదర్‌బోర్డుల్లో కొన్ని పోర్టులు 300వీ, ఒకటి రెండు 600వీ ఉండటం మామూలే. కాబట్టి కేబుల్‌ను మరో పోర్టుకు మార్చి, మళ్లీ బూట్ చేసి, ఆ వరుసే చూడండి. బోర్డు మొత్తం 300దే అయితే బెంగపడకండి. రోజువారీ పనిలో నెమ్మది అనిపించేది చిన్న చిన్న ఫైళ్ల దగ్గర, అక్కడ ఈ పరిమితి పెద్దగా అడ్డురాదు.

ఏడీఏ0 దేనికి తగిలి ఉందో కూడా అక్కడే ఉంటుంది. ఏహెచ్‌సీఐసీహెచ్ అని కనిపిస్తే సరే. ఉత్త ఏటీఏ అని, పక్కన ఒక అంకె కనిపిస్తే బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈగా ఉందని అర్థం. అలా ఉంటే డిస్కు ఒకేసారి పలు ఆదేశాలను వరుసలో పెట్టుకోలేదు. బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చండి. ఫ్రీబీఎస్‌డీ ఈ మార్పును సాధారణంగా ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది గానీ, డిస్కు అంకె మారవచ్చు. అందువల్ల ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ సమయంలో ఏ విభాగాలు మౌంట్ కావాలో చెప్పే ఫైలులో) ఏడీఏ0 అనే పేరుకు బదులు లేబుల్ వాడి ఉంటే మంచిది. అదే యంత్రంలో విండోస్ కూడా ఉంటే ఈ మార్పు తర్వాత అది బూట్ కాకపోవచ్చు, ఆ సంగతి ముందే చూసుకోండి.

డిస్కు పేరు ఏడీఏ0 కాకుండా డీఏ0 అని వస్తే అది యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా తగిలి ఉంది. చవక అడాప్టర్లలో చాలావరకు ట్రిమ్‌ను డిస్కు దాకా చేరనివ్వవు. అలాంటప్పుడు కింది దశలు చేసినా పెద్ద ఉపయోగం ఉండదు, డిస్కును నేరుగా సాటా పోర్టుకు తగిలించాకే ముందుకు సాగండి.

2. ఇప్పటి వేగం కొలిచి రాసుకోండి

'డిస్క్‌ఇన్ఫో -టీ ఏడీఏ0' చదవడం మాత్రమే చేస్తుంది కాబట్టి డేటాకు ప్రమాదం లేదు. అదే డిస్క్‌ఇన్ఫోకు '-డబ్ల్యూ' తోడు చేసి రాత పరీక్ష పెట్టమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే, డేటా ఉన్న డిస్కు మీద పొరపాటున కూడా నడపకండి, అది డిస్కు మీద ఉన్నదాన్ని చెరిపేస్తుంది.

రాసే వేగం చూడటానికి ఫియో వాడండి. 4కే పరిమాణంతో, రాండ్‌రైట్ పద్ధతిలో, 2 జీబీ ఫైలు మీద 60 సెకన్లపాటు నడిపితే చాలు. వచ్చిన ఐఓపీఎస్ (సెకనుకు ఎన్ని రాతలు) అంకెను రాసుకోండి. ఫియో మీద మనసు లేకపోతే, మీరు రోజూ చేసే పనినే కొలవండి. ఉదాహరణకు వేల చిన్న ఫైళ్లున్న ఒక టార్ ఫైలును 'టైమ్' ఆదేశంతో విప్పి, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. నా దృష్టిలో ఈ రెండో పద్ధతే ఎక్కువ నిజం చెబుతుంది.

అందరూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. డీడీతో '/డెవ్/జీరో' నుంచి సున్నాలు తెచ్చి రాసి, సెకనుకు 2 జీబీ వచ్చిందని సంబరపడతారు. సాటా తీగలో సెకనుకు 600 ఎంబీకి మించి వెళ్లే దారే లేనప్పుడు 2 జీబీ ఎలా వస్తుంది? జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఎల్‌జెడ్4 కంప్రెషన్ (డేటాను కుదించి రాయడం) ఉంటే ఆ సున్నాలన్నీ దాదాపు ఏమీ కాకుండా కుంచించుకుపోతాయి, డిస్కు దాకా వెళ్లేది నామమాత్రమే. ఆ అంకెను కొట్టేసి ఫియోతో మళ్లీ కొలవండి.

3. డిస్కుకు ట్రిమ్ వచ్చో రాదో అడగండి

'క్యామ్‌కంట్రోల్ ఐడెంటిఫై ఏడీఏ0' నడిపితే పెద్ద పట్టిక వస్తుంది. అందులో డీఎస్‌ఎం, ట్రిమ్ అనే పేర్లున్న వరుస ఎదురుగా 'యెస్' అని ఉండాలి. 'డిస్క్‌ఇన్ఫో -వీ ఏడీఏ0' కూడా ట్రిమ్ ఉందో లేదో ఒక్క వరుసలో చెబుతుంది.

ఆపైన 'సిస్‌సీటీఎల్ కెర్న్.క్యామ్.ఏడీఏ.0.డిలీట్_మెథడ్' అని అడగండి. సమాధానంలో ట్రిమ్ అనే మాట ఉంటే కెర్నల్ దాన్ని వాడుతోంది. డిజేబుల్ అని వస్తే ఎవరో ఆపి ఉంచారు, సిస్‌సీటీఎల్.కాన్ఫ్, లోడర్.కాన్ఫ్ ఫైళ్లు వెతకండి. ఇక కొన్ని మోడళ్లలో ఎన్‌సీక్యూ (పలు ఆదేశాలను వరుసలో పెట్టుకునే) పద్ధతి ట్రిమ్ సరిగా పనిచేయదు. అటువంటివి చాలావాటిని ఫ్రీబీఎస్‌డీ ముందే గుర్తుపట్టి పక్కన పెడుతుంది. మీది ఆ జాబితాలో లేకుండా, పెద్ద ఫైళ్లు తొలగించిన ప్రతిసారీ డీఎంఈఎస్‌జీలో టైమ్‌అవుట్ లోపాలు వస్తుంటే, ఇదే సిస్‌సీటీఎల్ విలువను ఎన్‌సీక్యూ లేని డీఎస్‌ఎం_ట్రిమ్‌గా మార్చండి. విలువ రాసేటప్పుడు పెద్ద అక్షరాలు వాడాలి.

4. ఫైల్ సిస్టమ్‌లో ట్రిమ్ తెరవండి

'మౌంట్' అని కొడితే మీ ఫైల్ సిస్టమ్ యూఎఫ్‌ఎస్సో జెడ్‌ఎఫ్‌ఎస్సో తెలుస్తుంది. దాన్నిబట్టి కింది రెండింటిలో ఒకటే చేయండి.

యూఎఫ్‌ఎస్ అయితే: యంత్రాన్ని మళ్లీ బూట్ చేసి, బూట్ మెనూలో 2 నొక్కి సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్లండి. మామూలుగా నడుస్తున్న సిస్టమ్‌లో రాయడానికి మౌంట్ అయి ఉన్న విభాగం (పార్టిషన్) మీద ఈ మార్పు జరగదు, చాలామంది ఇక్కడే ఆగిపోయి ట్రిమ్ రావడం లేదని ఫిర్యాదు చేస్తారు. 'జీపార్ట్ షో'తో మీ విభాగం అంకె చూసుకోండి, అది పీ2 అనుకుందాం. ముందుగా 'ట్యూన్‌ఎఫ్‌ఎస్ -పీ /డెవ్/ఏడీఏ0పీ2' నడిపి, ట్రిమ్ వరుసలో డిజేబుల్డ్ అని ఉందో లేదో చూడండి. ఉంటే 'ట్యూన్‌ఎఫ్‌ఎస్ -టీ ఎనేబుల్ /డెవ్/ఏడీఏ0పీ2' నడపండి.

అంతటితో పని అయిపోలేదు. ఈ మార్పు ఇకపై తొలగించే ఫైళ్లకే వర్తిస్తుంది. క్లోనింగ్ వల్ల ఇప్పటికే నిండినట్టు కనిపిస్తున్న ఖాళీ చోటు అలాగే ఉంటుంది. దాన్ని విడిపించడానికి, సింగిల్ యూజర్ మోడ్‌లోనే, 'ఎఫ్‌ఎస్‌సీకే_ఎఫ్‌ఎఫ్‌ఎస్ -ఈ /డెవ్/ఏడీఏ0పీ2' నడపండి. ఇక్కడ ఈ అనేది పెద్ద అక్షరం. జర్నల్ (ఇటీవలి మార్పుల చిట్టా) వాడమంటావా అని అడిగితే వద్దని చెప్పండి, ఎందుకంటే జర్నల్‌తో సరిపెట్టుకుంటే పూర్తి తనిఖీ జరగదు, పూర్తి తనిఖీ జరగకపోతే ఖాళీ బ్లాకుల కబురు డిస్కుకు వెళ్లదు. పని ముగిశాక 'రీబూట్' చేయండి. క్లోన్ చేసిన డిస్కుల్లో అసలు తేడా తెచ్చేది ఈ ఒక్క ఆదేశమే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే.

జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే: సింగిల్ యూజర్ మోడ్ అక్కర్లేదు. 'జెడ్‌పూల్ గెట్ ఆటోట్రిమ్ జెడ్‌రూట్' అని అడగండి. జెడ్‌రూట్ అనేది మీ పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ తన డిస్కు చోటునంతా కలిపి ఉంచే సముదాయం) పేరు అనుకుంటున్నాను. 2021లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 13.0 నుంచి ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ వాడుతున్నారు, అందులో ఆటోట్రిమ్ మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. అంతకు ముందు వెర్షన్లలో ట్రిమ్ దానంతటదే జరిగేది కాబట్టి, 12 నుంచి పైకి అప్‌గ్రేడ్ చేసినవారు ఇప్పటికీ అలాగే జరుగుతోందనుకుంటారు.

ముందు ఒకసారి 'జెడ్‌పూల్ ట్రిమ్ జెడ్‌రూట్' నడపండి. 'జెడ్‌పూల్ స్టేటస్ -టీ' కొడితే ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది. ట్రిమ్ అన్‌సపోర్టెడ్ అని వస్తే 1, 3 దశలకు తిరిగి వెళ్లండి. ఆ తర్వాత ఆటోట్రిమ్ ఆన్ చేయాలా వద్దా అన్నది డిస్కును బట్టి ఉంటుంది. మంచి డిస్కయితే 'జెడ్‌పూల్ సెట్ ఆటోట్రిమ్=ఆన్ జెడ్‌రూట్' చేసి మరిచిపోవచ్చు. డీర్యామ్ (లోపలి వేగమైన మెమరీ) లేని చవక డిస్కయితే ఆటోట్రిమ్ ఆఫ్‌లోనే ఉంచి, వారానికొకసారి పని లేని వేళ క్రాన్ (చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే ఏర్పాటు) ద్వారా ట్రిమ్ నడిపించడం మేలని నా అభిప్రాయం. అటువంటి డిస్కులు పని మధ్యలో ట్రిమ్ ఆదేశాలు వరదలా వస్తే తట్టుకోలేక ఇంకా నత్తనడక నడుస్తాయి.

5. ట్రిమ్ నిజంగా వెళ్తోందో కళ్లతో చూడండి

సెట్టింగ్ ఆన్‌లో ఉండటం వేరు, పని జరగడం వేరు. ఒక తెరలో 'జీస్టాట్ -డీ -పీ' నడిపి వదిలేయండి. మరో తెరలో ఒక 4 లేదా 5 జీబీ ఫైలును తొలగించండి. జీస్టాట్ పట్టికలో చదివినవి, రాసినవి చూపించే నిలువు వరుసల తర్వాత డీ అక్షరంతో మొదలయ్యే నిలువు వరుసలు ఉంటాయి. ఏడీఏ0 ఎదురుగా అక్కడ సున్నా కాకుండా అంకెలు కదలాలి.

పైన చెప్పిన పలాస యంత్రంలో స్కాన్ చేసిన పాత బిల్లులను ఫోల్డర్లకు ఫోల్డర్లే తొలగించినా ఆ వరుసలో సున్నా కదల్లేదు. యూఎఫ్‌ఎస్ గుర్తు మార్చి, ఎఫ్‌ఎస్‌సీకే నడిపి వచ్చాక అదే పని చేస్తే, అంకెలు ఎగిసి కాసేపటికి సద్దుమణిగాయి. అప్పుడే పని జరిగిందని లెక్క. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మాత్రం ఆటోట్రిమ్ వెంటనే కదలదు, చిన్న ముక్కలను కూడబెట్టి తర్వాత పంపుతుంది, కాబట్టి కాస్త ఆగి చూడండి లేదా చేత్తో ట్రిమ్ నడిపి చూడండి.

ఆ తర్వాత 2వ దశలోని కొలతనే మళ్లీ చేయండి. ఒక హెచ్చరిక: ట్రిమ్ అయిన చోటును చదివితే కొన్ని డిస్కులు ఫ్లాష్‌ను ముట్టుకోకుండానే సున్నాలు తిరిగిస్తాయి. అందువల్ల డిస్క్‌ఇన్ఫో చదివే వేగం అమాంతం పెరిగినట్టు చూపవచ్చు. దాన్ని కాదు, రాసే అంకెను పోల్చండి.

6. అయినా మారకపోతే చూడవలసినవి

విభాగం మొదలయ్యే చోటు: 'జీపార్ట్ షో ఏడీఏ0'లో ఎడమ పక్క మొదటి అంకె 8తో భాగిస్తే శేషం రాకూడదు. 40, 1064, 2048 వంటివి కనిపిస్తే బాగానే ఉన్నట్టు. 63 కనిపిస్తే అది పాత డిస్కుల నాటి ఎంబీఆర్ విభజన, క్లోన్‌తో పాటు వచ్చింది. దాన్ని ఉన్నచోటనే సరిచేయలేం. బ్యాకప్ తీసి, 'జీపార్ట్ యాడ్'కు '-ఏ 1ఎం' ఇచ్చి కొత్త విభాగం చేసి, ఫైళ్లను తిరిగి పోయాలి.

యాషిఫ్ట్: జెడ్‌ఎఫ్‌ఎస్ వారు 'జెడ్‌డీబీ -సీ జెడ్‌రూట్' ఔట్‌పుట్‌లో యాషిఫ్ట్ (పూల్ ఎంత పరిమాణం సెక్టార్ల లెక్కన రాస్తుందో చెప్పే అంకె) విలువ చూడండి, ఈ సీ కూడా పెద్ద అక్షరం. 12 ఉంటే సరే. 9 ఉంటే పూల్ 512 బైట్ల లెక్కన కట్టబడింది, కట్టాక దాన్ని మార్చే మార్గం లేదు, కొత్త పూల్ కట్టాల్సిందే.

నిండిన శాతం: పూల్ 80 శాతం దాటితే జెడ్‌ఎఫ్‌ఎస్ నెమ్మదించడం మొదలవుతుంది. ముందు పాత స్నాప్‌షాట్లు (ఒక సమయంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచిన నకళ్లు) చూడండి. ఫైళ్లు తొలగించినా చోటు తిరిగి రాలేదని వాపోయేవారిలో చాలామంది దగ్గర అవి గుట్టలుగా ఉంటాయి, స్నాప్‌షాట్ పట్టి ఉంచిన బ్లాకును ట్రిమ్ కూడా ముట్టుకోదు.

ర్యామ్: 'టాప్' తెరలో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) వాడకం చూడండి. 4 జీబీ ర్యామ్‌తో జెడ్‌ఎఫ్‌ఎస్, దాని మీద బ్రౌజరు కూడా నడుపుతుంటే నెమ్మదికి కారణం డిస్కు కాకపోవచ్చు. అంత చిన్న యంత్రానికి యూఎఫ్‌ఎస్ వేసుకోవడమే మంచిదంటాను.

కేబుల్, వేడి: 'స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఏడీఏ0'లో 199వ అంశం సీఆర్‌సీ లోపాల (కేబుల్ దారిలో డేటా చెదిరిన సందర్భాల) లెక్క. రోజుల తేడాతో రెండుసార్లు చూసి, అది పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చండి. పాత లెక్క తగ్గదు, పెరగకుండా ఆగితే చాలు. ఎన్‌వీఎంఈ డిస్కుకు 'ఎన్‌వీఎంఈకంట్రోల్ లాగ్‌పేజ్ -పీ 2 ఎన్‌వీఎంఈ0' ఉష్ణోగ్రతనూ, వాడకం శాతాన్నీ చూపుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో, గాలాడని చిన్న పెట్టెలో ఉన్న ఎన్‌వీఎంఈ వేడెక్కి తనకు తానే వేగం తగ్గించుకుంటుంది. దానికి ట్రిమ్ మందు కాదు, ఫ్యాను కావాలి.

డిస్కు తీరు: పెద్ద ఫైలు కాపీ మొదట్లో జోరుగా సాగి, కొన్ని జీబీల తర్వాత ఒక్కసారిగా పడిపోయి, కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలైతే, అది లోపల ఉన్న ఎస్‌ఎల్‌సీ క్యాష్ (ముందుగా వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండిపోవడం. చవక డిస్కుల స్వభావమే అంత, ఏ సెట్టింగూ దాన్ని మార్చదు.

చేయకూడనివి

వేగం కోసం జెడ్‌ఎఫ్‌ఎస్‌లో సింక్‌ను (డేటా డిస్కుకు చేరేదాకా ఆగడాన్ని) డిజేబుల్ చేయమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. చేస్తే అంకెలు నిజంగానే పెరుగుతాయి. అయితే కరెంటు పోయినప్పుడు, భద్రంగా రాశామని ప్రోగ్రాములు అనుకున్న చివరి కొన్ని సెకన్ల డేటా పోతుంది. పూల్ చెడదు గానీ, అకౌంట్స్ డేటాబేస్‌లో ఆఖరి ఎంట్రీలు ఉండవు. యూఎఫ్‌ఎస్‌లో అసింక్ మౌంట్ ఇంకా ప్రమాదం, ఫైల్ సిస్టమ్ మొత్తం చెదిరిపోవచ్చు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు ఎలా పోయిందో చూసిన జిల్లాల్లో ఉండి ఈ రెండింటిలో ఏదీ చేయవద్దు. మామూలు ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోతే ఆదుకునే కెపాసిటర్లు కూడా ఉండవు, యూపీఎస్‌కు పెట్టే డబ్బు వృథా కాదు.

ఏటైమ్ (ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయం రాసిపెట్టడం) ఆపమనే సలహా తప్పు కాదు గానీ, ఇన్‌స్టాలర్ జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ కట్టేటప్పుడే దాన్ని ఆపి ఉంచుతుంది. యూఎఫ్‌ఎస్ వారు ఎఫ్‌స్టాబ్‌లో నోఏటైమ్ చేర్చుకోవచ్చు. స్వాప్ విభాగం ఉన్నవారు ఎఫ్‌స్టాబ్‌లో దాని వరుసకు ట్రిమ్‌వన్స్ చేరిస్తే, బూట్ అయిన ప్రతిసారీ ఆ విభాగం మొత్తం ఒకసారి ట్రిమ్ అవుతుంది.

ఫ్రీబీఎస్‌డీ 12.1 నుంచి 'ట్రిమ్' అనే విడి ఆదేశం కూడా ఉంది. పేరు చూసి ఇదే మనకు కావలసిందనుకోకండి. అది ఫైల్ సిస్టమ్‌ను పట్టించుకోదు. '-ఎఫ్' ఇచ్చి ఒక విభాగం మీద నడిపితే అందులో ఉన్నదంతా పోతుంది. బ్యాకప్ తీసుకుని డిస్కును మొదటి నుంచి కట్టుకునేటప్పుడు మాత్రం అది చక్కగా పనికొస్తుంది: డిస్కంతా ట్రిమ్ చేసి, కొత్త విభాగాలు చేసేటప్పుడు చివర ఒక 10 శాతం చోటు దేనికీ ఇవ్వకుండా వదిలేస్తే, చవక డిస్కు కూడా నిండిన తర్వాత నిలకడగా నడుస్తుంది. నిజానికి క్లోన్ చేసిన డిస్కులో 63, యాషిఫ్ట్ 9 రెండూ కనిపిస్తే, పైన చెప్పిన మరమ్మతులకన్నా ఒక ఆదివారం కూర్చుని ఇలా కొత్తగా కట్టుకోవడమే సులువు.

ఇవన్నీ చూశాక కూడా సాయం అడగవలసి వస్తే, నెమ్మదిగా ఉందని మాత్రమే రాయకండి. డీఎంఈఎస్‌జీలోని ఏడీఏ0 వరుసలు, క్యామ్‌కంట్రోల్ పట్టిక, జీపార్ట్ షో, ట్యూన్‌ఎఫ్‌ఎస్ -పీ లేదా జెడ్‌పూల్ స్టేటస్ -టీ, స్మార్ట్‌సీటీఎల్ ఔట్‌పుట్‌లను ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి, ముందూ తర్వాతా వచ్చిన ఫియో అంకెలతో కలిపి పంపండి. పంపేముందు వాటిలో ఉన్న డిస్కు సీరియల్ నంబరు తీసేయండి.